బొంతలో విరిగిన సూది

లింబాయత్‌లోని మా వీధిలో బొంత కావలసినవారందరూ కొమురవ్వ గడపకే వచ్చేవారు. సిరిసిల్ల వైపు నుండి కొడుకు గోపాల్ వెంట సూరత్ నగరంలోని ఈ పేటకు వచ్చిన ఆమె, అతడు మగ్గం నడిపే కార్ఖానాలో మిగిలిన చీర ముక్కలను పైపొరగా, పాత ధోవతులను లోపొరలుగా పరచి, నడిమి నుండి అంచు వరకు చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ పోయేది. తొంభై ఆరులో మా తెలుగు సంఘం స్త్రీలు చేతికుట్టు బొంతల పోటీ పెట్టినప్పుడు, బహుమతిగా పెట్టిన కుక్కర్ ఎవరిదన్న విషయంలో ఎవరికీ సందేహం లేకపోయింది.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం ఆమె చివరి మూల కుడుతున్నది. బొంత రెండవ కొసన పసివాడైన మనుమడు బోర్లాపడి ఆడుకుంటున్నాడు. పొరుగింటి పద్మారాణి వాకిట్లో నిలబడి వేళాకోళమాడింది.

"కుక్కర్ గెల్చినంక మమ్ముల మర్శిపోకు అవ్వా!"

"ఎట్ల మర్శిపోత? మొదటి పప్పు నీకే. గిన్నె మాత్రం నువ్వే తెచ్చుకో. నా గిన్నెలన్నీ నీ ఇంట్లనే ఉన్నయి గద!"

పద్మారాణి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మూల దగ్గర పొరలు మందంగా ఉన్నాయి. కొమురవ్వ సూదిని బొటనవ్రేలితో గట్టిగా నెట్టింది. అది టక్కున విరిగింది. బెజ్జమున్న సగమే చేతిలో మిగిలింది. మొన ఉన్న సగం కనబడలేదు. ఆమె తడుముకొంటూ ఉండగానే పిల్లవాడు కెవ్వుమన్నాడు.

కోడలు లత వంటింట్లో నుండి పరుగెత్తుకొని వచ్చి బిడ్డను ఎత్తుకున్నది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదు బిడ్డా. ఆకలైనట్టున్నది."

విరిగిన సగాన్ని కొమురవ్వ కొంగున ముడివేసి దాచింది. రెండవ సగం బొంతలోనే ఉంటుందనీ, తానే వెదికి తీస్తే కోడలు బెదరవలసిన పని ఉండదనీ అనుకున్నది. అరచేతులతో బొంతనంతా ఒత్తి చూచింది. ఎక్కడా గుచ్చుకోలేదు. చాప ఎత్తి దులిపింది. ఏమీ రాలలేదు. పిల్లవాడు పాలు త్రాగక, నోట్లో వ్రేళ్ళు పెట్టుకొని ఏడుస్తూనే ఉన్నాడు. చేతికి దొరికినదల్లా నోట పెట్టుకొనే వయస్సు వాడిది. ఆ మాట మనస్సులో మెదలగానే కొమురవ్వ కోడలిని పిలిచింది.

"లతా, సూది ఇరిగింది. సగం కనవడ్తలేదు."

కోడలు తిట్టి ఉంటే కొమురవ్వకు కొంత ఊపిరాడేది. లత బిడ్డ బట్టలు విప్పి, వెలుతురులో అరికాళ్ళ నుండి మాడు వరకు చూచింది. నెత్తురు లేదు, గాటు లేదు.

"మింగిండా అత్తమ్మా?"

అంటూ బిడ్డ నోరు తెరిచి చూచింది.

"దవాఖానకు ఉరుకు బిడ్డా! పద్మారాణిని తోల్కపో. నేను బొంత ఇప్పుత. దొరికితే ఎనుకనే ఉరికొస్త. దొరక్కపోతే..."

అంటూనే ఆమె కోడలిని గడప దాటించింది.

వారు వెళ్ళగానే కొమురవ్వ బ్లేడు తీసుకొని, పిల్లవాడు పడుకొన్న వైపు నుండి కుట్లు తెంపసాగింది. నెలల తరబడి వేసిన కుట్లు చరచరా ఊడివస్తున్నాయి. ఒక్కొక్క పొర వట్టిదని తేలినప్పుడల్లా, సూది పిల్లవాని కడుపులోకి మరికొంత జరిగినట్లు ఆమెకు తోచింది. ఒకచోట చేయి ఆగిపోయింది. విప్పకుండా మిగిలిన భాగంలో ఇంకా ఆశ ఉన్నది. అదీ విప్పితే ఆశకు చోటు ఉండదు. అయినా తెంపింది.

చివరకు, తాను కుడుతూ ఉండిన మూలలోనే, అంచు మడతలో, దారం వెంట నిలువుగా దాగి ఉన్న ముక్క దొరికింది. రెండు ముక్కలను చేర్చి, అదే పొట్లంలోని క్రొత్త సూది ప్రక్కన పెట్టి చూచింది. పొడవు సరిపోయింది. చెప్పులు లేకుండానే పరుగెత్తింది.

ఎక్స్‌రే గది ముందు బల్లమీద కూర్చున్న లత ఆ ముక్కలను అరచేతిలో ఒకసారి చేర్చి చూచి, మళ్ళీ చేర్చి చూచి, అప్పుడు ఏడ్చింది.

"చిగుర్లల్ల పండ్లొస్తున్నయని డాక్టర్ చెప్పిండు. నేనే నమ్మలె అత్తమ్మా."

ఇంటికి వచ్చిన తరువాత చిందరవందరగా పడి ఉన్న బొంతను లతే దగ్గరకు తీసుకొన్నది.

"పోటీ వద్దు బిడ్డా. నాకు ఇగ సూది ముట్టబుద్ధి అయితలేదు."

"నేను కుడుత. నువ్వు వాన్ని పట్టుకో."

కొమురవ్వ మనుమని ఒడిలో పొదువుకొని గడప అవతల కూర్చున్నది. లోపల లత వంకరటింకరగా కుడుతున్నది. సూది గుడ్డలోకి దిగిన ప్రతిసారీ, అది మళ్ళీ పైకి వచ్చే వరకు కొమురవ్వ ఊపిరి బిగబట్టేది.

"సూది చూపెట్టు బిడ్డా," అనేది మధ్యమధ్య.

లత కుట్టు ఆపి, విసుక్కోకుండా చూపించేది.