అద్దాలాయన చేతులు

మా వీధి చివరి అద్దాల కొట్టతను బావమరిదిని కోట గోడ మీద నుంచి కిందికి తోసేశాడట. లాండ్రీ కొట్టు దగ్గర పుట్టిన ఈ మాట, వెనక వీధికి చేరేసరికి రాయితో మోది మరీ తోసేశాడన్నదాకా పెరిగింది. ఇంకొన్నాళ్ళు పోతే కత్తి కూడా చేర్చేవాళ్ళే. అందుకే ఈ సంగతి నేనే రాస్తున్నాను. వాళ్ళు కోట చూడ్డానికి బయల్దేరిన బండిలో వెనక సీటు ఖాళీగా ఉందని తెలిసి, ఎవరూ పిలవకపోయినా సంచీ సర్దుకుని ఎక్కిన మనిషిని నేను. అతను తోయలేదు. నా కళ్ళతో చూశాను.

ముందు మనిషి గురించి చెప్పాలి. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ తన అద్దాల కొట్లో పెట్టుకున్నాడు. ఆయన పని నేర్పిన తీరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. పగిలిన అద్దం పలకని బల్ల అంచున నిలబెట్టి, చెప్పాపెట్టకుండా వదిలేసేవాడట. పిల్లాడి చేతులు దాన్ని పట్టుకోబోతే చెక్క స్కేలుతో కణుపుల మీద బాదేవాడట. పడే అద్దాన్ని పట్టుకుంటే నరాలు తెగిపోతాయి కదా. చేతులు చంకల్లో దాచుకుని వెనక్కి గెంతాలి, అదీ పాఠం. ఆ పాఠం ఒంటబట్టేసరికి కుడి చిటికెనవేలు వంకరపోయింది. అద్దం తగిలి కాదు, స్కేలు దెబ్బలకి.

ఇప్పుడు కొట్టు అతనిదే. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. కట్టర్ నూనెలో ముంచి గీత గీసి, బొటనవేళ్ళతో నొక్కితే పలక టక్కున విడిపోతుంది. ఆ కొట్లో వినిపించే చప్పుడంతా అదే.

బావమరిది దీనికి పూర్తిగా ఎదురు. అద్దె బండి తోలతాడు. మెల్లిగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు గనక అందరూ హారన్ అంటారు. సెలవులకి జలపాతం, కోట తిప్పి, ఆఖర్న పట్నంలో రంగురంగుల చేపలు చూపిస్తానని మేనకోడలికి మాటిచ్చింది వాడే.

జలపాతం దగ్గర బండల మీద కూర్చుని తింటున్నాం. అద్దాలాయన భార్య చేతిలోంచి టిఫిన్ డబ్బా జారింది. ఎదురుగానే ఉన్న మొగుడు పట్టుకోలేదు సరికదా, చేతులు చంకల్లో పెట్టుకుని గబుక్కున వెనక్కి గెంతాడు. డబ్బా నీళ్ళలో కొట్టుకుపోయింది.

“ఏంటి బావా, డబ్బా కూడా కోసేస్తుందా?” హారన్ పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం.

“అలవాటురా,” అన్నాడతను సిగ్గుపడుతూ.

“ఉండు, ఇవాళ్టితో మానిపిస్తా!” అంటూ హారన్ అతని మెడ పట్టుకుని తల నీళ్ళలో ముంచాడు. మొదట వేళాకోళమే. తర్వాత కాళ్ళు కొట్టుకుంటున్నా వదల్లేదు. నేను గొడుగు తీసుకుని వాడి వీపు మీద నాలుగు తగిలిస్తే గానీ చెయ్యి తియ్యలేదు. పైకి లేచేసరికి రాయి గీసుకుపోయి, అద్దాలాయన ముక్కులోంచి రక్తం చొక్కా మీదకి కారుతోంది.

“సరదాకి పెద్దమ్మా! మీరు మరీనూ.”

“నీ సరదా మండా! ఆ రక్తం చూడరా!”

 కూతురు రుమాలు తడిపి ఇస్తే అద్దాలాయన ముక్కుకి అదుముకుని బండెక్కాడు.

కోటలో గైడు వెనక గోడ చూపించాడు. పూర్వం ఖైదీలని ఇక్కణ్ణించే లోయలోకి తోసేవారన్నాడు. అద్దాలాయన భార్య తమ్ముడి వంక చూసి, “నీలాంటివాళ్ళు అప్పుడూ ఉన్నార్రా. సరదాకి తోసుంటారు,” అంది.

హారన్ ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. సొంత అక్కని, పసిపిల్ల ముందు. పెదవి చిట్లిపోయింది.

నోట్లో నాలుక లేదనుకున్న మనిషి తలతో వాడి డొక్కలో పొడిచాడు. ఇద్దరూ రాళ్ళ మీద పొర్లారు. వాడు ఇతని చెవి కొరికితే, ఇతను వాడి జుట్టు పట్టుకుని తల నేలకేసి కొట్టాడు. గైడూ నేనూ లాగి విడదీసేసరికి నా గొడుగు కడ్డీలు విరిగాయి. అక్క పెదవి కడుక్కోవడానికి నీళ్ళ కోసం గైడు పరిగెత్తాడు. తెచ్చిచ్చి, ఎవరినైనా పిలుచుకొస్తానని మళ్ళీ పరిగెత్తాడు.

హారన్ రక్తం ఉమ్మేసి గోడెక్కి నిలబడ్డాడు. “రా బావా! దమ్ముంటే పైకి రా! అద్దం ముక్క పడితే గెంతేవాడివి, నువ్వా నన్ను కొట్టేది!”

అద్దాలాయన గోడ దాకా వెళ్ళాడు. “దిగరా. పిల్ల చూస్తోంది,” అన్నాడు.

అప్పుడే హారన్ కాలి కింద రాయి కదిలింది. రెండు చేతులూ చాపాడు. అద్దాలాయన చేతులు చటుక్కున చంకల్లోకి పోయాయి, మనిషి వెనక్కి గెంతాడు. నేను పిల్ల కళ్ళు మూసి నా కడుపుకి అదుముకున్నాను. నేను మళ్ళీ తలెత్తేసరికి గోడ ఖాళీ.

పట్నం చూడటమంటే ఆసుపత్రి చూడటమే అయింది. మధ్యలో చెట్టు కొమ్మలు ఆపబట్టి హారన్ ప్రాణం దక్కింది గానీ, తుంటి ఎముక ముక్కలైంది, దవడ పగిలింది. తల అదిరిపోయి ఆనాటి సంగతి ఒక్క ముక్క గుర్తులేదు వాడికి. పోలీసులడిగితే జారి పడ్డాడని నేనే చెప్పాను. హారన్ పెళ్ళాం పరిగెత్తుకొచ్చి, స్టీలు ఫ్లాస్కుతో అద్దాలాయన నుదుటి మీద కొట్టింది. నర్సులు పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పిల్ల మాత్రం వరండాలో ఉన్న గాజు తొట్టి ముందు కూర్చుని, అందులో ఉన్న ఒక్క చేపనే చూస్తూ ఉండిపోయింది.

తిరిగొచ్చాక అతని భార్య పిల్లని తీసుకుని తిన్నగా మా ఇంటికొచ్చేసింది.

“పెదవి కడుక్కుంటున్నాను పెద్దమ్మా. తలెత్తి చూస్తే తమ్ముడు లేడు. ఈయన చేతులు చంకల్లో ఉన్నాయి.”

“అలవాటే తల్లీ. డబ్బా పడ్డప్పుడు చూశావుగా.”

“అలవాటే అయితే ఇవాళే ఇంటికెళ్ళిపోతా. కాకపోతే ఆ మనిషి పక్కన ఎలా పడుకోను? మీరే అడగండి. నాకు నోరు రావట్లేదు.”

అడగడానికి నాకేం మొహమాటం? ఆమెని వెంటబెట్టుకుని కొట్టుకెళ్ళాను. అతను కిటికీకి పలక కోస్తున్నాడు. నుదుటి మీద కుట్లు ఇంకా విప్పలేదు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

“నాయనా, నువ్వు తోయలేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను. నాకొక్కటి చెప్పు. చేతులు వెనక్కి తీసుకున్నది అలవాటు కొద్దీనేగా? అవునను చాలు, నీ పెళ్ళాన్ని ఇక్కడే వదిలి పోతాను.”

గీత సగంలో ఆపాడు. కట్టర్ పక్కన పెట్టి, నా వంక కాక భార్య వంక చూశాడు.

“గెంతింది అలవాటే పెద్దమ్మా. కానీ వాడు వెంటనే పడిపోలేదు. గోడ అంచు పట్టుకుని వేలాడాడు. ‘బావా’ అన్నాడు, మెల్లిగా. వాడంత మెల్లిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చంకల్లోంచి చేతులు తియ్యడానికి టైముంది. తియ్యలేదు. అది మాత్రం అలవాటు కాదు.”