కమ్మని వాసన వేసిన గడ్డి

ఈ ఉదయం స్టవ్ మీద బెల్లంపాకం అడుగంటింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లోని మా అపార్ట్‌మెంట్ అంతా ఆ వాసనే. కిటికీలు తెరవడం మానేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రూతమ్మ ఆంటీ గుర్తొచ్చారు.

ఆవిడది గుంటూరు వైపు. పశువుల డాక్టరు. ఇల్లినాయ్ పల్లెల్లో భర్తతో కలిసి చిన్న పాడి పెట్టారు. ఆయన పోయాక మూడు ఆవులతో మిగిలిపోయారు. ఎనభైల మొదట్లో, పెళ్ళీ పెటాకులూ లేని నేను శనివారాలు అక్కడికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఆవిడ పప్పుచారు పోస్తే నేను కోతలు వడ్డించేవాణ్ణి. "మీ ఎర్రావు నిన్న నాకు ఫోన్ చేసింది ఆంటీ. యాస అచ్చం తెనాలిదే!" అంటే కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవారు. ఆవిడ ఆవులతో తెలుగే మాట్లాడేవారు. నేను లేని రోజుల్లో ఆ మాటలు వినేది ఆ మూడే.

ఒక ఏడు ఎండలు గడ్డిని మాడ్చేశాయి. మిగిలిన కాస్తా కోతకొచ్చాక వాన పడింది. మంచి ఎండుగడ్డి ఎక్కడా దొరకలేదు. పక్క ఫారం అతను మాత్రం తడి ఆరకుండానే కట్టలు కట్టిన గడ్డి చవగ్గా ఇస్తానన్నాడు. అది పనికొస్తే మూడు ఆవులూ ఉంటాయి, లేకపోతే అమ్మాల్సిందే.

నమూనాకి ఒక కట్ట తెచ్చి విప్పాం. లోపల వేడెక్కి గోధుమరంగుకు తిరిగింది. బెల్లంపాకం వాసన. ఎర్రావు ఆవురావురుమని తినేసింది.

"బూరెలనుకుంటోంది ఆంటీ! కొనెయ్యండి."

"ఆ వాసనే మోసంరా. వేడికి ప్రోటీనంతా మాడిపోయింది. కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు."

"మన ఊళ్ళో గేదెలు వరిగడ్డి తిని బతకట్లేదా?"

"పక్కన తవుడు, తెలగపిండి వేసిన కుడితి ఎవరు పెట్టారు, మీ తాతా? ఇక్కడ అంత దాణా కొనగలిగితే ఈ గడ్డి మొహం చూస్తానా?"

మళ్ళీ పిడికెడు తీసి నలిపారు, దులిపారు. బూజు లేదు. వట్టిపోయిన ముసలి ఎర్రావుకి ఇది చాలన్నారు. తక్కిన రెండూ చూడి ఆవులు. ఇది తింటూనే చిక్కిపోతాయి, కడుపులో దూడలతో సహా.

"అవి కూడా పోతే మీకు ఎవరున్నారాంటీ?"

"నా తోడు కోసం వాటిని మాడ్చమంటావా?"

ఎర్రావుకి సరిపడా గడ్డి కొని, చూడి ఆవుల్ని మంచి మేత ఉన్న దూరపు ఫారానికి అమ్మేశారు. వాటిని తీసుకెళ్ళే రోజు ఒకటి ట్రక్కు ఎక్కనని మొరాయించింది. డ్రైవర్ ఎంత అదిలించినా కదల్లేదు. ఆంటీ వెళ్ళి గంగడోలు నిమిరి, "వెళ్ళమ్మా, వెళ్ళు" అన్నారు. మాట విని ఎక్కేసింది.

ట్రక్కు మలుపు తిరిగాక నేను ఊరుకోలేక, "చూస్తూండండి, ఆ ఫారం వాళ్ళందరికీ తెలుగు నేర్పేస్తాయి" అన్నాను.

ఆంటీ నవ్వలేదు. "ఇవాళ ఏం చెప్పకురా. ఊరికే కూర్చో."

వాకిలి మెట్ల మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాం.

ఇప్పటికీ నా నోటికి తాళం లేదు. కానీ మనుషులు తగ్గిపోయిన ఇంటికి వెళ్ళినప్పుడు, నాలుక చివర ఎంత మంచి కోత ఉన్నా మింగేసి, మిగిలినవాళ్ళ పక్కన చోటు చూసుకుంటాను. నాలాంటి వాడికి అది చాలా కష్టం. అయినా కూర్చుంటాను.