కప్పెట్టిన గెడ్డ

ఆమదాలవలసలో మా పక్కింటి డ్రాఫ్ట్స్‌మన్ మావయ్య పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో ట్రైనింగులో ఉన్నాను. అందిన రైలెక్కి వచ్చేశాను. అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆయన సర్వే పటాలు గీసి రిటైరయ్యారు. చిన్నప్పుడు నాకు బ్లేడుతో పెన్సిల్ చెక్కడం నేర్పింది ఆయనే. మొనను గోటి మీద గీసి చూసి, గరుకుగా ఉంటే మళ్లీ చెక్కమనేవారు. ఇప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పటాలు చేస్తాను.

మొన్నటి వానల్లో నది పెరుగుతోందని వరద పటం చేసి ఆయనకు చూపించాను. వాన, నీటిమట్టం, నేల ఎత్తు, రోడ్లు, ఇళ్లు, బడులు, అన్నీ ఒకదాని మీద ఒకటి వేశాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఇన్ని ఏసీసినావేటమ్మా? అన్నీ ఉన్నాయి, ఏటీ కనబడ్డం నేదు. నీరొస్తే ముందర ఎవుల్ని లెగదియ్యాల? అదొక్కటీ సూపించు."

నీళ్లూ ఇళ్లూ ఉంచి మిగతావి తీసేశాను. ఆయన తానెప్పుడో పటం గీసిన పాత, పల్చటి ట్రేసింగ్ కాగితం తెచ్చి, అదే కొలతకు నాచేత ప్రింటు తీయించి, దాని మీద పరిచారు. కాగితంలోని గెడ్డ, అంటే ఒకప్పటి వాగు, నేను భయం లేదని ఆకుపచ్చ రంగు వేసిన వీధి నడుమ నుంచి పోతోంది.

"ఈ గెడ్డ కప్పెట్టీసి ఇళ్లు కట్టీసినారు. నీరు మళ్లీ ఇటే వస్తాది. ఎల్లి సెప్పు."

వెళ్లి మా అధికారికి చెప్పాను. ఆ సాయంత్రమే వీధి ఖాళీ చేయించారు. మర్నాడు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. మనుషులకేమీ కాలేదు.

ఎలా కనిపెట్టావని అధికారి అందరి ముందూ అడిగితే, "పాత రికార్డులు చూశానండి" అన్నాను. మావయ్య మాటెత్తలేదు.

"మీ ఆఫీసులో ఏటన్నారమ్మా?" అని ఆయన అడిగారు.

"బాగుందన్నారు మావయ్యా." అంతే చెప్పగలిగాను. తప్పు ఒప్పుకుందామని మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లి, వేరే కబుర్లు చెప్పి వచ్చేశాను.

ఆయన పోయాక అధికారికి నిజం చెప్పాను. పటం కింద ఆయన పేరు చేర్చమన్నారు. చేర్చాను. అయినా మనసు నిలవలేదు. నిన్న ఆ వీధికి వెళ్లి, గెడ్డ జాడ చూపింది మావయ్యేనని మొదటింటి ముసలమ్మకు చెప్పాను.

"ఆయనెవులమ్మా? ఎప్పుడైనా ఇటొచ్చినారేటి?"

"రాలేదు."

ఆమె కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. "కూకో. ఆయన సంగతి సెప్పు."

కూర్చోలేక నిలబడే చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని వింటోంది. వరద వదిలిన మట్టి చార ఆ గోడ మీద సరిగ్గా ఆమె భుజాల ఎత్తున ఉంది.