పసుపు గడప దగ్గర మెల్లబడ్డ రోబో

మా బాపు ఎవరినైనా నమ్మేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా, రేపోమాపో తెరుస్తారని ఎవరు చెప్పినా డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకునేవాడు. ఆ చొక్కాను చూస్తూ పెరిగినందుకేమో, నాకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కూరగాయల తూకం నుంచి బస్సు బోర్డు దాకా అన్నీ రెండోసారి చూసుకుంటాను. నా భార్య దీన్ని రోగమంటుంది. నేను జాగ్రత్త అంటాను.

నిజామాబాద్ శివారులో బస్సుల తలుపులు చేసే ఒక చిన్న కంపెనీలో నేను లైన్ ఇన్‌ఛార్జిని. రెండు రేకుల మధ్య జిగురు పెట్టే పని రోబోది. పంపులోంచి జిగురు ఒకే తీరుగా వస్తుంటుంది కాబట్టి రోబో చెయ్యి కూడా ఒకే వేగంతో కదలాలి. మెల్లబడితే జిగురు కుప్పపడుతుంది, తొందరపడితే గీత సన్నబడి తెగుతుంది. జిలేబీ పోసేవాడి చెయ్యి ఎట్లా తిరుగుతుందో చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

పగలు షిఫ్టు నాది. సాయంత్రం షిఫ్టులో రోబో దగ్గర వర్ని నుంచి వచ్చే ఒకామె ఆపరేటర్‌గా పనిచేసేది. మెథడిస్టు కుటుంబం, మితభాషి. ఆమెను పర్మినెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది నా మాట మీద ఆధారపడి ఉంది. ఆదివారం చర్చికి పోవాలని కూడా ఆమె ఎన్నడూ సెలవు అడగలేదు. నాకు అదీ అనుమానంగానే ఉండేది. ఏమీ అడగని మనిషి ఏదో దాస్తున్నట్టే కదా.

ఆ అనుమానానికి తగ్గట్టే, కొన్ని పొద్దుల్లో స్టాండు మీద ఒక రేకు తేడాగా కనిపించేది. గీత అంతా బాగుండి ఒక్కచోట లావయ్యేది. అక్కడ గుడ్డతో తుడిచిన మరక ఉండేది. కుప్పపడ్డ జిగురు కంటే ఆ తుడుపే నన్ను ఎక్కువ మండించింది. తప్పు జరగడం వేరు, తుడిచి ఊరుకోవడం వేరు. స్క్రీను మీద చూస్తే వేగం నేను పెట్టి పోయినంతే ఉండేది. మధ్యలో తగ్గించి, ఫోను చూసుకుని, మళ్ళీ పెంచి పెడుతోందని తేల్చుకున్నాను. అడిగితే తల వంచుకుని "ఇగ గట్ల కానియ్య సార్" అనేది. ఎందుకైందో మాత్రం చెప్పేది కాదు.

కళ్ళతో చూసి పట్టుకుందామని ఒక సాయంత్రం డ్యూటీ అయినా ఇంటికి పోకుండా తలుపుల స్టాండు వెనక నిలబడ్డాను. బయట బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల చప్పుడు. రోబో చుట్టూ జాలీ కంచె, లోపలికి పోయే దారిలో నేల మీద బెత్తెడు ఎత్తు ఇనుప పట్టీ, దానికి పసుపు రంగు. పట్టీ దాటి ఎవరు కాలు పెట్టినా మెషిన్ కన్ను పసిగడుతుంది. పచ్చ దీపం పోయి పసుపు దీపం వెలుగుతుంది, రోబో తనంతట తానే మెల్లబడుతుంది. ఆపరేటర్ నిలబడే లోపలి మూల ఒక్కటే ఆ కన్నుకు ఆనదు. రోబో నడుస్తుంటే ఆపరేటర్ ఆ మూల వదలకూడదు. ఆపరేటర్ కాక ఇంకెవరు పట్టీ దాటినా ఆ రోజే పనిలోంచి తీసేస్తారు. అంతటి రూలు ఉండగా దాటే ధైర్యం ఎవరికుంటుందిలే అని నేను దాని జోలికే పోలేదు.

ఆమె ఫోను ముట్టలేదు. చూపు రోబో మీదే ఉంది. ఇంతలో షెడ్డు ఊడ్చే అవ్వ చాయ్ పట్టుకుని వచ్చింది. ఆపరేటర్ మూలలోంచే చెయ్యి చాపింది. అవ్వ ఇవ్వలేదు.

"కడపకు అవుతల నువ్వు, ఇవుతల నేను నిలవడి ఇచ్చుకుంటరా బిడ్డా, మంచిది గాదు" అంది.

చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పట్టీని తొక్కకుండా దాటి లోపలికి పోయి, కప్పు చేతిలో పెట్టింది. పసుపు దీపం వెలిగింది. రోబో చెయ్యి మెల్లబడింది. జిగురు మాత్రం అదే ధారగా పడి కుప్పయింది. పసుపు పూసిన గడప అనుకుని అవ్వ దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చింది. అవ్వ బయటికి రాగానే మళ్ళీ పచ్చ దీపం. ఆపరేటర్ రోబోను ఆపి, చాయ్ పక్కన పెట్టి, గుడ్డ తీసింది.

నేను స్టాండు వెనక నుంచి వచ్చాను. ఆపరేటర్ గుడ్డ పట్టుకునే నా వైపు తిరిగింది.

"స్పీడ్ నేనే తగ్గించిన సార్" అంది నేనేమీ అడగకముందే.

నాకు ఒళ్ళు మండింది. అంతా చూశానని, అబద్ధమెందుకని గట్టిగానే అడిగాను. ఆమె గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"అవ్వకు మస్తు చెప్పిన సార్. యాదికుండదు ఆమెకు. మీకు చెప్తే తెల్లారి గేటు కాడనే ఆపుతరు. నన్ను తీసేస్తే నేను ఇంకోకాడ చేస్కుంట. అవ్వను ఎవరు వెట్టుకుంటరు?"

మరునాడు పట్టీకి బయట ఒక బల్ల వేయించాను. చాయ్ వేళకు రోబోను ఆపి, బయటికి వచ్చి తాగాలని చెప్పాను. అవ్వ సంగతి పైవాళ్ళకు చెప్పలేదు. ఆపరేటర్‌ను పర్మినెంట్ చెయ్యమని మేనేజరుతో గట్టిగా చెప్పాను, చేశారు. ఇప్పుడు గీత ఎక్కడా లావు కావడం లేదు. అంత జరిగినా, ఆ రోజు స్టాండు వెనక నిలబడటం తప్పని నేను అనుకోను. నిలబడకపోతే ఆమె ఉద్యోగం పోయేది కదా.

ఆమె మాత్రం అట్లా అనుకున్నట్టు లేదు. రోజూ నేను షిఫ్టు అప్పజెప్పేటప్పుడు ఫోను తీసి స్క్రీను మీది వేగాన్ని ఫోటో తీసుకుంటుంది. ఎందుకని ఒకసారి అడిగాను. "రేపు మీరు అడిగితే సూపెట్టనీకి సార్" అంది మర్యాదగానే. ఆ ఫోటోలో స్క్రీను పక్కన నేను కూడా పడేటట్టు తీస్తుంది. పక్కకు జరుగుదామనిపిస్తుంది. జరిగితే దానికి ఇంకేం అనుకుంటుందోనని, తీసేదాకా కదలకుండా నిలబడుతున్నాను.