ఆదివారాలు కూడా నడిచిన మిల్లు

మా తిరువూరు హైస్కూలు పూర్వ విద్యార్థులు ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. పత్తి జిన్నింగు మిల్లులో గుమస్తాగా చేశాను కాబట్టి ఆ భాగం నన్ను రాయమన్నారు. వాళ్లు ముందే రాసుకున్న ప్రతిలో ఒక వాక్యం ఉంది. ఆడకూలీలు ఆదివారాలు రాకపోవడం వల్ల మిల్లు మూతపడిందని. అది అబద్ధం. పుట్టించింది నేనే.

ఇప్పుడు ఆ మిల్లు ఉన్నచోట ఇళ్లు, వాటి మధ్య సిమెంటు రోడ్డు. అటు వెళ్లినప్పుడల్లా ముక్కు పత్తిగింజల వాసన కోసం వెతుక్కుంటుంది. సీజన్లో గంపలగూడెం నుంచి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడేవి. యంత్రాలు తిరుగుతుంటే మా గుమస్తాల గది గచ్చు కూడా సన్నగా అదిరేది. నేల మీద పడుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఆ అదురు కోసం ఎదురుచూస్తుంది.

యంత్రాలకు పత్తి అందించేవాళ్లలో చాలామంది క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఆ మోతలో సైగలతోనే పోట్లాడుకునేవాళ్లు, సైగలతోనే నవ్వించుకునేవాళ్లు. సీజన్లో ఆదివారం సెలవు ఉండేది కాదు. వాళ్ల మేస్త్రమ్మ యజమానిని ఒప్పించి ఒక ఏర్పాటు చేసింది. తెల్లారకముందే పనిలోకి దిగి, ప్రార్థన వేళకు చర్చికి వెళ్లి, తిరిగొచ్చి మిగిలిన పని ముగించాలి. ఒక్క ఆదివారం కూడా మిల్లు ఆగలేదు. తలనిండా దూదితోనే చర్చికి వెళ్లేవాళ్లు.

"ఏంటమ్మా, ముందు వరసంతా ముసలమ్మలే కూర్చున్నారు" అని పాస్టరు గారు ఆటపట్టించేవారట.

"మీరూ వచ్చి ఒక పూట నిలబడండి అయ్యగారూ, మీకూ తల తెల్లబడుద్ది" అనేదట మేస్త్రమ్మ.

మిల్లు మూసింది యంత్రాలు పాతబడి. కొత్త యంత్రాలున్న ఊళ్లకు పత్తి మళ్లింది. యజమాని స్థలం అమ్మకానికి పెట్టాడు. నాకు తన ఎరువుల కొట్టులో పని ఇస్తానన్నాడు. సెంటర్లో రైతులు నన్ను ఆపి ఎందుకు మూసేస్తున్నారని అడిగితే, ఆయన స్థలం అమ్ముకుంటున్న సంగతి బయటపెట్టలేక, "ఆదివారం వస్తే ఆడాళ్లంతా చర్చిలోనే కదండి, మిల్లెట్టా నడుస్తది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మాట ఊళ్లో నిలిచిపోయింది.

ఆ వేసవిలో మేస్త్రమ్మ రెడ్డిగూడెం దగ్గర మామిడికాయల షెడ్డుకు పని అడగడానికి వెళ్లింది. "ఆదివారం రారంటగా మీరు" అని గేటు దగ్గర నుంచే పంపేశారు. నేనున్న ఎరువుల కొట్టుకు వచ్చి ఆ సంగతి నాకే చెప్పింది. బస్తాలు సర్దుతూ విన్నాను.

పోయిన వారం ఆమె ఇంటికి వెళ్లి, ఇంతవరకు రాసింది చదివి వినిపించాను.

"బాగానే రాశావు బాబూ. ఈ పుస్తకం మావాళ్లెవరు కొంటారు?"

"నేను తెచ్చిస్తానమ్మా."

"నాకెందుకు, నాకు తెలిసిందేగా. ఆదివారం చర్చికొచ్చి చదువు. పాస్టరు గారికి నేను చెప్తాలే."

"అందరి ముందా?"

"అప్పుడు అందరి ముందే అన్నావుగా."

వెళ్లాను. ప్రార్థన అయ్యాక నిలబడి చదివాను. బయట మెట్ల దగ్గర, మిల్లులో పనిచేసిన ఒకావిడ తన కోడల్ని నాకు చూపించి, "ఇదీ అదే అనుకునేది, మా అత్త బద్ధకంతో మిల్లు మూయించిందని" అంది.

కోడలు నా వైపు చూడలేదు. వంగి, ఆ గుంపులో అత్త చెప్పులు వెతికి తెచ్చి, ఆమె కాళ్ల ముందు పెట్టింది.