నేనడిగినా చదవకు

ఆ బడిలో పచ్చగీత లేని వస్తువు ఏదీ సరిగ్గా పనిచేసేది కాదు. వెనకబడిన బళ్ళను బాగుచేయడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది కదా, ఆ డబ్బుతో కొన్న ప్రతి బల్లకీ, ఫ్యానుకీ, చివరికి చెత్తబుట్టకీ ఒక పచ్చరంగు గీత గీయాలని రూలు. ఆ గ్రాంటు కిందే, చదవడం రాని పిల్లలకు చదవడం నేర్పడానికి, ఏడాది కాంట్రాక్టు మీద వచ్చింది ఈవిడ. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉండేది గానీ స్టాఫ్ రూములో దాంతో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆవిడ గ్రాంటు టీచరే.

"ఏమ్మా గ్రాంటు టీచరూ, నీకు పచ్చగీత ఎక్కడ గీశారు? మాకు కనపడదేం?" అని లెక్కల మాస్టారు వచ్చినప్పుడల్లా అదే జోకు వేసేవాడు. వేసినప్పుడల్లా మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. నవ్వక చస్తుందా, పర్మనెంటు వాళ్ళ మధ్య కాంట్రాక్టు మనిషి!

ఇంటికెళితే అక్కడ నవ్వే పని కూడా లేదు. భర్త కట్టడం పనిలో పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. అత్తగారు మాటలతోనే వాతలు పెట్టే రకం. కోడలు చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది: "వచ్చావా తల్లీ? మొగుడు మంచం దిగలేడు, నువ్వు ఇల్లు పట్టి ఉండవు. మళ్ళీ ఏడాది ఉంచుతారో లేదో కనుక్కున్నావా? లేకపోతే ముగ్గురం కలిసి మట్టి తిందాం." అంతకుముందు పనిచేసిన ప్రైవేటు బడి మూతపడింది. దానికి ముందుది జీతం అడిగినందుకు గెంటేసింది. ఈ ఉద్యోగమూ పోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదని ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఒక్క పూట కూడా గడవలేదు.

అయినా ఒక మాట చెప్పాలి. పాఠం చెప్పడం మొదలుపెడితే మాత్రం ఆవిడ ఇవన్నీ మరిచిపోయేది. ఆవిడకు అప్పగించిన పిల్లల్లో ఒక పిల్ల ఉండేది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేసేది. బడిలో ఆ పిల్లను అందరూ 'మొద్దు' అనేవారు. హెడ్మాస్టరుతో సహా. ఆ పిల్ల కూడా ఆ పేరుకే పలికేది, పాపం. గ్రాంటు టీచరు ఒక్కతే 'అమ్మడూ' అంది. అంతే! ఆ పిల్ల ఆవిడ కొంగు పట్టుకుంది, వదల్లేదు. అక్షరం కింద వేలు పెట్టి, తడుముకుంటూ, మొదట ఒక మాట, తర్వాత ఒక వాక్యం, చివరకు ఒక పేజీ. ఒకరోజు పేజీ అంతా ఆగకుండా చదివేసి తలెత్తి చూసింది. టీచరు ముక్కు చీదుకుంటూ గోడవైపు తిరిగింది.

అదే ఆవిడ కొంప ముంచింది.

ఏడాది చివర బయటనుంచి ఒక ఆఫీసరు వచ్చి పిల్లల చేత చదివిస్తాడు. బడి ఒక స్థాయికి కింద ఉంటే వెనకబడినట్టు, గ్రాంటు మళ్ళీ వస్తుంది. దాటితే బాగుపడినట్టు, గ్రాంటు ఆగిపోతుంది. రోగం తగ్గితే మందు ఆపినట్టే అనుకోండి, కానీ ఇక్కడ మందుతోపాటు మందిచ్చిన మనిషినీ బయటపడేస్తారు. ఆఫీసరు రావడానికి ముందురోజు హెడ్మాస్టరు ఆవిడను గదిలోకి పిలిచాడు.

"బాగా చెప్పావమ్మా, కాదన్ను. కానీ చూడు, మనం సరిగ్గా అంచు మీదున్నాం. ఒక్క పిల్ల తేడా. ఆ ఒక్క పిల్లా చదివిందో, గ్రాంటు ఫట్. ఫ్యాన్లకి ఏమీ కాదు, గోడకే ఉంటాయి. మరి నీ సంగతి?"

"చదవొద్దని పిల్లలకి ఎలా చెప్పను సార్?"

"నేను చెప్పమన్నానా? నాకెందుకమ్మా ఆ పాపం? ఊరికే అంటున్నా. తెలివైనవాడు చదవకపోతే అనుమానమొస్తుంది. మొద్దు చదవకపోతే ఎవడికి ఆశ్చర్యం?"

ఆవిడ ఆ సాయంత్రం పిల్లలందర్నీ పంపేసి అమ్మడిని ఆపింది. దాని రెండు చేతులూ పట్టుకుంది. సిగ్గు వేసిందా అంటే వేసింది. ఆగిందా అంటే ఆగలేదు.

"అమ్మడూ, రేపొక సారు వస్తాడు. నిన్ను చదవమంటాడు. నువ్వు చదవకూడదు."

"ఎందుకు టీచర్? నాకొచ్చుగా?"

"వచ్చు. అయినా చదవకు. నువ్వు బెదరకుండా నన్ను పక్కన కూర్చోబెట్టి నాచేత అడిగిస్తారు. నేనడిగినా చదవకు. నేను కోప్పడినా చదవకు. ఆ సారు ముందు నోరు విప్పావో, నేనింక ఈ బడికి రాను. వెళ్ళిపోతాను."

పిల్ల కళ్ళు పెద్దవి చేసి విన్నది. రెండు చేతులతో తన నోరు తనే మూసుకుని చూపించింది, ఇలాగేనా అన్నట్టు. టీచరు "బంగారుకొండ" అంది.

మర్నాడు బంగారుకొండ చెప్పినట్టే కూర్చుంది. ఆఫీసరు బుజ్జగించాడు, టీచరు "చదువమ్మా" అంది. పిల్ల పుస్తకం వైపు చూసింది, పెదాలు బిగించింది. "ఇది ఇంతేనండీ, మొద్దు" అన్నాడు హెడ్మాస్టరు ప్రేమగా.

వేసవి సెలవుల ముందు అదే ఆఫీసరు ఫలితాలు పట్టుకుని వచ్చాడు. గ్రాంటు మళ్ళీ వచ్చింది. స్టాఫ్ రూములో మిఠాయి పంచారు. ఆవిడ మిఠాయి నోట్లో పెట్టుకుందో లేదో, ఆఫీసరు మామూలుగా, ఎండల గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు: "టీచర్ని మాత్రం మారుస్తున్నామమ్మా. ఏడాది చెప్పినా ఒక పిల్ల ఒక్క అక్షరం పలకలేదంటే లోపం చెప్పేవాళ్ళదేగా. రూల్సులోనే ఉంది."

రూల్సు పుస్తకం హెడ్మాస్టరు బీరువాలోనే ఉంది. ఎంత డబ్బు వస్తుందో రాసిన పేజీ తప్ప మిగతావి తిప్పే అలవాటు ఆయనకు లేదు. చదవడం నేర్పే గ్రాంటు మరి!

"సార్, మీరే కదా ఆ రోజు..." అంది ఆవిడ హెడ్మాస్టరు వైపు తిరిగి.

"నేనా? నేనేమన్నానమ్మా?" అని ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లెక్కల మాస్టారు మిఠాయి డబ్బా మూతపెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ పరుగెత్తింది. తరగతి గదిలోంచి అమ్మడిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆఫీసరు ముందు నిలబెట్టి, పుస్తకం తెరిచి చేతిలో పెట్టింది. "దీనికి వచ్చండీ! మీరే వినండి. చదువమ్మా, అమ్మడూ, చదువు!"

పిల్ల ఆఫీసరును చూసింది. ఆ సారే. టీచరును చూసింది. పెదాలు బిగించింది.

"ఇది పరీక్ష కాదే! ఆ మాటలన్నీ అబద్ధం! చదువు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం విప్పలేదు. టీచరు దాని భుజాలు పట్టి కుదిపింది. తర్వాత చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"చాలమ్మా, చాలు. చెప్పడం రాకపోగా కొట్టడం ఒకటా?" అని ఆఫీసరు లేచి కారెక్కాడు.

ఆవిడ సంచి తీసుకుని గేటు దగ్గరకు వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు. అమ్మడు. చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చెప్పినట్టే చేశాను టీచర్! కొట్టినా నోరు విప్పలేదు. ఇంక మీరు వెళ్ళిపోరు కదా?"

ఆవిడ గేటు తీసింది.

"సారు వెళ్ళిపోయాడుగా, ఇప్పుడు చదవనా?" అని పిల్ల గేటు పక్క బోర్డు దగ్గరకు పరిగెత్తింది. పచ్చక్షరాల కింద వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా, గట్టిగా చదివింది: "ఈ పాఠశాల... ప్రభుత్వ సహాయంతో... అభివృద్ధి చెందుతున్నది."

"నోరు ముయ్యవే, దరిద్రపుదానా!" అని అరిచింది టీచరు. ఏడుపో కోపమో ఆవిడకే తెలియదు. అరిచి, వెనక్కి చూడకుండా రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

పిల్ల వేలు బోర్డు మీదే ఆగిపోయింది. టీచరు ఏది చెబితే అది చేసే పిల్ల అది. నోరు మూసింది.

సెలవుల తర్వాత కొత్త గ్రాంటు టీచరు వచ్చింది. చదవమని ఆ పిల్లను బుజ్జగించి చూసింది, బెదిరించి చూసింది, చివరకు వెనక బల్లకు పంపేసింది. "నే చెప్పలే?" అన్నాడు హెడ్మాస్టరు. ఫీజు లేని బడే అయినా ఇంకెందుకు దండగని తల్లి మాన్పించి తనతోపాటు లాండ్రీకి తీసుకుపోయింది. అక్కడ ఉతికిన బట్టల సంచులకు పేర్లు రాసిన చీటీలు కుట్టి ఉంటాయి. ఎవరు వచ్చి పేరు చెప్పినా ఆ పిల్ల పోయి సరిగ్గా వాళ్ళ సంచే తెచ్చి ఇస్తుంది. ఇంతవరకు ఒక్కటీ మారిపోలేదు. "నీకు చదవడం వచ్చా ఏంటి పాపా?" అని ఎవరైనా అడిగితే, తల అడ్డంగా ఊపి ఇంకో సంచి అందుకుంటుంది.