విషం అన్న మాట

మొయినాబాద్‌లోని మా కాలేజీలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ రెండో ఏడాది వాళ్లకు ఒక పేపరుంది. ల్యాబులో తెలుసుకున్నదాన్ని మామూలు మనుషులకు ఎలా చెప్పాలో నేర్పే పేపరు. దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే నాకు అంటగట్టారు. మొదట్లో విసుక్కున్నాను గానీ, రెండేళ్లు తిరిగేసరికి ఆ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరన్న నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

క్లాసులో నాదొక పద్ధతి ఉండేది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి తమ ప్రాజెక్టు గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. పుస్తకంలోని మాట ఒక్కటి దొర్లినా నేను డస్టరుతో బల్ల మీద కొట్టేదాన్ని. వెంటనే ఆపి వేరే మాట వెతుక్కోవాలి. పిల్లలు నవ్వేవాళ్లు, భయపడేవాళ్లు, నేర్చుకునేవాళ్లు కూడా.

ఆ బ్యాచిలో శంకర్‌పల్లి దగ్గర కూరగాయలు పండించే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. మాట తక్కువ. ల్యాబులో మాత్రం ఆమె చేసిన పరీక్షను ఇంకొకరు సరిచూడాల్సిన పని ఉండేది కాదు. చేవెళ్ల వెళ్లే రోడ్డు దిగి లోపలికి పోతే ఒక ఊరు వస్తుంది. ఆ ఊరి ట్యాంకుకు నీళ్లెక్కించే బోరును ఆమె పరీక్షించింది. అందులో నైట్రేటు ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. పొలాల్లో వేసిన ఎరువులు, పెంటకుప్పలు, సెప్టిక్ గుంతలు ఏళ్ల తరబడి భూమిలోకి ఇంకితే అలా అవుతుంది.

ఆ రోజు ఆమె ముందుకొచ్చి నిలబడింది. "ఈ నీళ్లలో నైట్రేటు..." అనగానే బల్ల మీద కొట్టాను. "ఎరువు సారం..." మళ్లీ కొట్టాను. సారం అంటే మంచిదనుకుంటారు అన్నాను. "ఒక రకం ఉప్పు..." ఉప్పంటే ఎవరికి భయం, ఇంకోటి చెప్పు అన్నాను. ఆమె చేతులు నలుపుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. "మీ అవ్వకు చెప్తున్నవనుకో. ఏమంటవు?" అని గద్దించాను.

"విషం లాంటిది," అంది చివరికి.

డస్టరు కింద పెట్టేశాను. "ఇదీ మాటంటే. ఇప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది," అని క్లాసంతటికీ చెప్పాను. ఆమె తన చోటుకు పోయి కూర్చుంది. ఆ ముఖంలో మెప్పు పొందిన సంతోషం లేదు. నేనది చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు.

పరీక్షలో తేలింది ఆ బోరు నీళ్లు తాగే ఊరికి వెళ్లి చెప్పాలనుకున్నాం. ఆ ఊళ్లో సగం ఇళ్లు క్రైస్తవులవి. ఆదివారం ప్రార్థన అయ్యాక పది నిమిషాలు మమ్మల్ని మాట్లాడనివ్వడానికి చర్చి అయ్యగారు ఒప్పుకున్నారు. రిటైరైన బడిపంతులు ఒకాయన అక్కడ సంఘపెద్ద. ఆయనే మా అమ్మాయిని మైకు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆమె నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పింది. "మీరు తాగే నీళ్లల్ల విషం లాంటిది ఉన్నది," అనగానే, అంతవరకూ పిల్లల్ని సముదాయిస్తూ, చెప్పులు వెతుక్కుంటూ ఉన్న జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. అంత నిశ్శబ్దం చూసి, ఎంత బాగా వింటున్నారో అనుకున్నాను. తర్వాత ఆమె ఎరువుల గురించి, గుంతల గురించి చెప్తుండగానే నలుగురైదుగురు లేచి ఫోన్లు పట్టుకుని బయటికి పోయారు. మేమిద్దరం బస్సెక్కి వచ్చేశాం. దారిలో ఆమెను మెచ్చుకున్నాను కూడా.

సోమవారం పొద్దున క్లాసులో ఉండగా సంఘపెద్ద ఫోన్ చేశాడు. వెనక కేకలు వినబడుతున్నాయి.

"మేడం, మీరు ఏం చెప్పి పోయిండ్రు? నీళ్లల్ల ఎవరో విషం కలిపిండ్రని ఊరంత లొల్లి అయితున్నది. మోటరు వేసి నీళ్లు ఇడిచేటాయన లేడా, ఆయన్ని పట్టుకున్నరు. మొన్న ట్యాంకుల తెల్ల పొడి పోస్తుంటె చూసినమంటున్నరు. అది బ్లీచింగ్ పౌడరురా అని నేను మొత్తుకుంటె ఎవ్వరు ఇంటలేరు. మీరు జల్ది రాండ్రి."

 ప్రిన్సిపల్ దగ్గరికి పరుగెత్తాను. "పోలీసులకు ఫోన్ చేస్తా, మీరు మాత్రం వెళ్లకండి," అన్నాడాయన. ఒక్క క్షణం ఆ మాట నాకెంత హాయిగా తోచిందో ఇప్పటికీ గుర్తుంది. వెళ్లొద్దని ప్రిన్సిపలే చెప్పాడు, ఇక నా బాధ్యత లేదు. వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"మేడం, ఆ మాట అన్నది నేను. నేను పోత," అంది.

ఆమెను ఒక్కదాన్నే పంపలేను. ఇద్దరం ఆటో మాట్లాడుకున్నాం. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆ ఊరికా? నీళ్లల్ల మందు కలిపిండ్రట గద. ఇగో, వాట్సాప్‌ల వచ్చింది ఇనుండ్రి," అంటూ ఫోను మా ముందు పెట్టాడు. చర్చిలో ఎవరో రికార్డు చేసి కత్తిరించిన ముక్క అది. "మీరు తాగే నీళ్లల్ల విషం." అంతే. ఆ గొంతు నా పక్కన కూర్చున్న పిల్లది. ఆమె రెండు చేతులతో చున్నీ కొంగు బిగించి పట్టుకుని రోడ్డు వైపు తిరిగింది. చేవెళ్ల వైపు పోయే లారీలు, ఆర్టీసీ బస్సులు మమ్మల్ని దాటిపోతున్నాయి. 

పంచాయతీ ఆఫీసు ముందు జనం గుంపుగా ఉన్నారు. కిటికీ అద్దం పగిలి కింద పెంకులు పడి ఉన్నాయి. నీళ్లు వదిలే ఆయన్ని సంఘపెద్దే లోపల పెట్టి తాళం వేశాడట, జనం చేతికి చిక్కకుండా. ఆయన భార్య తలుపుకు వీపు ఆనించి గడప మీద కూర్చుంది. ఏడవడం లేదు. ఎవరు దగ్గరికొస్తే వాళ్ల కళ్లలోకి చూస్తోంది. పోలీసులు ఇంకా రాలేదు.

సంఘపెద్ద మమ్మల్ని మెట్ల మీదికి ఎక్కించాడు. "గీ పిల్లనే చెప్పింది!" అని ఎవరో అరిచారు. "చెప్పు, ఎవడు కలిపిండు?" అని ఇంకో గొంతు.

ఆ అమ్మాయి చెప్పబోయింది. నేను ముందుకొచ్చాను.

"ఎవ్వరూ ఏమీ కలపలేదు. తప్పు నాది. విషం అనే మాట ఈ పిల్లకు నేర్పింది నేనే," అన్నాను.  తెల్ల పొడి క్రిములు చావడానికి ట్యాంకులో వేసే మందని, వేయకపోతేనే జబ్బులొస్తాయని చెప్పాను. నీళ్లలో ఉన్నది ఒక్క రోజులో ఒక్క మనిషి వేసేది కాదని, అందరి పొలాల నుంచీ అందరి ఇళ్ల నుంచీ ఏళ్లుగా దిగిందని చెప్పాను. కొందరు గొణిగారు. కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్న ఒక రైతు చేతిలోని కర్రను గోడకు ఆనించి అడిగాడు.

"గట్లనే అనుకుందాం మేడం. నీళ్లు తాగొచ్చా, వద్దా? ఒక్క మాట చెప్పుండ్రి."

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. తలుపు వెనక ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. నాకు కావలసిందల్లా ఆ గుంపు విడిపోవడం.

"తాగొచ్చు. ఏం కాదు, ఫికర్ చేయకండి," అన్నాను.

గుంపు సడలింది. సంఘపెద్ద తాళం తీశాడు. నీళ్లు వదిలే ఆయన బయటికొచ్చాడు, చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. ఎవరి వైపూ చూడకుండా భార్య వెంట ఇంటి దారి పట్టాడు. జనం కదిలారు. నాకు ఏడుపొచ్చేంత తేలిగ్గా అనిపించింది.

అప్పుడు ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "మంచి మాట చెప్పినవు బిడ్డా. రాత్రి నుంచి నా పానం పానంల లేదు. నా కోడలికి పాలు పడలే. మనుమనికి డబ్బా పాలే. నేనైతె ఆ నీళ్లు మంచిగ మసలబెట్టి, మసలబెట్టి, అండ్లనే పాలపొడి కలుపుత," అంది.

అమ్మాయి నా మోచేతిని తాకింది. "మేడం, పాలపొడి..." అంది మెల్లగా.

నాకు తెలుసు. పెద్దవాళ్ల ఒళ్లు చాలావరకు తట్టుకునేదాన్ని నెలల పిల్లల రక్తం తట్టుకోలేదని, పెదాలు, గోళ్లు నీలంగా మారతాయని ఏటా పాఠం చెప్పేది నేనే. మరిగిస్తే నైట్రేటు పోదని, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుందని కూడా నాకు తెలుసు. కానీ జనం ఇంకా పూర్తిగా పోలేదు. కర్ర ఇంకా గోడకే ఆని ఉంది. "తర్వాత చెప్దాం," అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపును నేను మరచిపోలేను. తర్వాత నన్ను దాటి ముసలమ్మ ముందుకెళ్లి నిలబడింది.

"అవ్వా, మనుమనికి ఎన్ని నెలలు?"

"మూడో నెల నడుస్తున్నది."

"పెద్దలు తాగితె దానితోని ఇప్పటికిప్పుడు ఏం గాదవ్వా. గాని అంత చిన్న పోరగానికి ఆ నీళ్లు ఇయ్యొద్దు. మసలబెట్టినా ఇయ్యొద్దు. చారు బాగ మసిలితె ఏమైతది? నీళ్లు ఇగురుతయి, ఉప్పు ఉంటది గద, ఇంక ఎక్కువ తగులుతది. గిది గూడ గట్లనే."

ముసలమ్మ ముఖం పాలిపోయింది. పోతున్న రైతు ఆగి వెనక్కి వచ్చాడు. "ఇప్పుడే ఏం కాదన్నరు గదా? మీరిద్దరు తలొక మాట చెప్తె మేము ఎవరిది నమ్మాలె?" అని గట్టిగా అడిగాడు. మళ్లీ జనం మూగారు. 

"మేడం అందర్ని శాంతపెట్టనీకె చెప్పింది," అంది ఆ అమ్మాయి.  "నిన్న నేను ఎక్కువ చెప్పిన. ఇయ్యాల మేడం తక్కువ చెప్పింది. చిన్నపిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్లకు ఆ నీళ్లు వద్దు. ఫిల్టరు నీళ్లు తెచ్చుకోండ్రి. మిగిలినోళ్లు తాగితె ఇప్పటికిప్పుడు ఏం గాదు. బట్టలకు, బోళ్లకు, స్నానానికి ఎవ్వరికి భయం లేదు. గింతే నాకు తెలిసింది."

"ఆ పిల్ల చెప్పిందే నిజం," అన్నాను నేను. 

ముసలమ్మ ఇంటికి పోయాం. కోడలు పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పడుకున్నాడు. పెదాలు ఆ చీకటి గదిలో ఏ రంగులో ఉన్నాయో తేలలేదు. బయట వెలుతురులోకి తెచ్చి చూస్తే గోళ్ల చుట్టూ కాస్త నలుపు తిరిగినట్టుంది, లేదా మా భయానికి అలా కనబడింది. "నాకు చూసి చెప్పరాదక్కా, నేను డాక్టర్ను కాదు. దవాఖానకు పోదాం," అంది మా అమ్మాయి. కోడలు మారుమాట్లాడకుండా చెప్పులు వేసుకుంది. అందరం మా ఆటోలోనే చేవెళ్ల పోయాం. పిల్లాడు దారంతా నిద్రలోనే ఉన్నాడు. ముసలమ్మ ఐదేసి నిమిషాలకు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది.

దవాఖానలో ఒక లేడీ డాక్టరు చూసింది. వేలికి క్లిప్పు పెట్టింది, రక్తం తీసింది, మేము చెప్పిందంతా శ్రద్ధగా వింది. హైదరాబాద్‌కు పంపాలా వద్దా అని ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. చివరికి పెద్దాసుపత్రికి పంపింది. అంబులెన్సు తలుపు వేసేముందు ముసలమ్మ మా వైపు చూసింది. ఆ చూపులో కోపముందో, కృతజ్ఞత ఉందో నాకు తెలియలేదు. ఆమెకైనా తెలుసో లేదో.

పిల్లాణ్ని రెండు రోజులు ఉంచుకుని పంపారు. నీళ్ల వల్లనే అని ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఆ నీళ్లు మాన్పించడం మంచిదైందని మాత్రం అన్నారట. ఇప్పుడు వాడు నడుస్తున్నాడు. ఊళ్లో ఫిల్టరు మిషను పెట్టడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ తర్వాతి నెలంతా నా స్టూడెంట్లు ఆ ఊరికి ఇద్దరిద్దరుగా వెళ్లారు. మైకు లేదు. గడపగడపకూ పోయి, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏ నీళ్లు తాగుతున్నారో ముందు అడిగి, తర్వాతే చెప్పారు. ఏ ఇంట్లో ఏం చెప్పాలో, తెలియనప్పుడు తెలియదని ఎలా అనాలో ఆ అమ్మాయే మిగతా వాళ్లకు నేర్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను. ఒకసారి ఆమెను అడిగాను, ఆ రోజు నన్ను దాటి ముందుకెళ్లడానికి భయం వేయలేదా అని. "చాన భయమైంది మేడం. కని ఆ అవ్వ మసలబెట్టి మసలబెట్టి అన్నది గద, మా అవ్వ గూడ గట్లనే చేస్తుండె," అంది.

నీళ్లు వదిలే ఆయన మాత్రం ఆ పని మానేశాడు. సంఘపెద్దను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయి క్షమించమని అడిగాను. ఆయన మంచం మీద కూర్చుని మొత్తం విన్నాడు. భార్య లోపలి నుంచి బయటికి రాలేదు.

"మీరు వచ్చి చెప్పిండ్రు, మంచిదే మేడం," అన్నాడు చివరికి. "కని ఆ దినం రాళ్లు ఇసిరినోళ్లు పరాయోళ్లు కాదు. పన్నెండేండ్ల సంది పొద్దుగాల నీళ్లు ఇడిచింది వాళ్లకే. మళ్ల ఆ మోటరు కాడికి నా కాళ్లు పోతలేవు."

 ఆయన లేచి, మమ్మల్ని వాకిలి దాకా సాగనంపి, తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఇప్పుడు మొయినాబాద్ దగ్గర ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టే పని చేస్తున్నాడని విన్నాను. నా బస్సు రోజూ ఆ రోడ్డు మీదే పోతుంది. ఒకట్రెండుసార్లు ఆయన్ని చూశాను. దిగి పలకరించలేదు.